తొలి జర్మన్ ట్యాంకుల రూపాలను గుర్తుపట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

స్కేల్ మోడళ్లు తయారుచేసే పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం. నాలుగూ రెండో ప్రపంచ యుద్ధం తొలి ఏళ్లలో జర్మన్ సైన్యం వాడిన పాంజర్ ట్యాంకుల గురించే. ఒకే ట్యాంకులో వచ్చిన ప్రతి కొత్త రూపానికీ జర్మన్లు ‘ఆస్‌ఫ్యూరుంగ్’ అన్న మాటతో పాటు ఒక అక్షరం తగిలించేవారు. కిట్ పెట్టెల మీద ‘ఆస్ఫ్’ అని కుదించి రాసేది దీన్నే.

ప్రశ్న: నా దగ్గర 1/35 స్కేలు పాంజర్-1 కిట్ ఒకటి ఉంది. పెట్టె, సూచనల కాగితం రెండూ పోయాయి. అది ‘ఎ’ రూపమో ‘బి’ రూపమో తేల్చుకోలేకపోతున్నాను. ‘బి’కి ఒక చక్రం ఎక్కువని విన్నాను. నేలకు ఆనే చక్రాలు లెక్కపెడితే ఒక్కో వైపు ఐదు వస్తున్నాయి. దీన్ని ‘బి’ అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: అనుకోకూడదు. నేలకు ఆనే చక్రాలు రెండు రూపాల్లోనూ ఐదే. ‘ఎ’ రూపంలో బరువు మోసే రోడ్డు చక్రాలు నాలుగే అయినా, అన్నిటికన్నా వెనుక ఉండి పట్టాను బిగువుగా ఉంచే పెద్ద ఐడ్లర్ చక్రం కూడా కిందికి దిగి నేలకు ఆనుతుంది కాబట్టి లెక్క ఐదుకు చేరుతుంది. ‘బి’ రూపంలో రోడ్డు చక్రాలే ఐదు. ఐడ్లర్‌ను నేలకు తగలకుండా పైకెత్తి బిగించారు. అందువల్ల మీరు చూడవలసింది చక్రాల సంఖ్యను కాదు, చివరి చక్రం ఎక్కడుందన్నదే. వెనుక భాగంలో గొలుసు పట్టా చివరి చక్రం చుట్టూ నేల మీదనే తిరిగితే అది ‘ఎ’, నేల నుంచి ఏటవాలుగా పైకి లేచి ఐడ్లర్‌ను చుట్టి వస్తే ‘బి’. పట్టా పైభాగాన్ని మోసే చిన్న రోలర్లను కూడా సరిచూసుకోండి: ‘ఎ’లో అవి మూడు, ‘బి’లో నాలుగు.

ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే మళ్లీ మరిచిపోరు. ‘ఎ’ రూపానికి గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల క్రుప్ ఇంజన్ పెట్టారు. దాని శక్తి సుమారు 60 హార్స్‌పవర్ మాత్రమే. అయిదున్నర టన్నులకు దగ్గరగా ఉన్న బండికి అది చాలలేదు. అందుకని ‘బి’లో నీటితో చల్లబడే ఆరు సిలిండర్ల మేబాక్ ఇంజన్‌ను, 100 హార్స్‌పవర్‌ది, అమర్చారు. ఆ ఇంజన్ పొడవైనది కాబట్టి వెనుక భాగాన్ని సాగదీయవలసి వచ్చింది. సాగిన బరువును మోయడానికి ఇంకో రోడ్డు చక్రం చేరింది, ఐడ్లర్ పైకి పోయింది. ‘ఎ’ పొడవు 4.02 మీటర్లయితే ‘బి’ పొడవు 4.42 మీటర్లు. మీ 1/35 స్కేలులో ఇది దాదాపు 115 మిల్లీమీటర్లకూ 126 మిల్లీమీటర్లకూ ఉన్న తేడా. హల్ (ట్యాంకు మొండెం) కింది భాగాలను జోడించి, కొలబద్ద ఆనించి కొలిస్తే సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది. 1/72 స్కేలు కిట్లలో కూడా ఐదు మిల్లీమీటర్లకు పైగా తేడా కనిపిస్తుంది.

కిట్ సంగతి సరే, పాత ఫొటో చూసి మోడల్ చేసేటప్పుడు చక్రాలు గడ్డిలోనో బురదలోనో దాగి ఉండవచ్చు. అప్పుడు టరెట్ (తుపాకులతో తిరిగే పై గది) వైపు చూసి ప్రయోజనం లేదు. కుడివైపుకు జరిగి ఉండే ఆ చిన్న టరెట్, అందులోని రెండు మెషిన్‌గన్లు, దాని కింది పెట్టె రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. అలాంటప్పుడు సైలెన్సర్లను వెతకండి. ‘ఎ’లో వెనుకవైపు మడ్‌గార్డుల మీద, ఒక్కో పక్కన ఒక్కొక్కటి చొప్పున రెండు సైలెన్సర్లు పడుకోబెట్టినట్టు ఉంటాయి. ‘బి’లో వెనుక పలక మీద ఒక్కటే ఉంటుంది. టరెట్‌కు బదులు కదలని ఎత్తైన పెట్టె, దానికి ఒకే మెషిన్‌గన్ కనిపిస్తే అది అధికారుల కోసం చేసిన కమాండ్ ట్యాంకు. వాటిలో అత్యధికం ‘బి’ చట్రం మీద కట్టినవే. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న పాంజర్-1 ఈ రకందే.

ప్రశ్న: పాంజర్-2 ‘సి’ కిట్ కొన్నాను. 1939 సెప్టెంబరులో పోలండ్ మీద దాడి చేసిన ట్యాంకుగా తయారుచేయాలని ఉంది. కిట్‌లో ముందు భాగానికి అతికించే అదనపు కవచపు పలకలు, టరెట్ మీద గుండ్రని కుపోలా (కమాండర్ చుట్టూ చూసే చిన్న గుమ్మటం) ఇచ్చారు. అన్నీ అతికించవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ఆ రెండూ పక్కన పెట్టండి. పోలండ్ పోరులో పాల్గొన్న పాంజర్-2కు అవి ఉండవు. తొలి ట్యాంకుల విషయంలో మోడలర్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త విపులంగా చెబుతాం.

ట్యాంకు భాగాలు రెండు తరగతులు. చక్రాలు, కమాన్ కట్టలు (చక్రాల కుదుపు తగ్గించే ఉక్కు పట్టీల స్ప్రింగులు), హల్ ఆకారం వంటివి కర్మాగారంలో ఎలా పుట్టాయో చివరిదాకా అలాగే ఉంటాయి. తుపాకీ, కుపోలా, అదనపు పలకలు, పొగబాంబుల పెట్టె వంటివి మరమ్మతుకు వచ్చినప్పుడు మార్చగలిగినవి. రూపం అక్షరాన్ని మొదటి తరగతి చెబుతుంది. ఫొటో ఏ కాలానిదో రెండో తరగతి చెబుతుంది. ఈ రెంటినీ కలగలిపితే తేదీ తప్పుతుంది. మీ కిట్‌లోని అదనపు భాగాలు రెండో తరగతివి.

పాంజర్-2లో చిన్నబడి అక్షరాలతో ఒక వరుస, పెద్దబడి అక్షరాలతో మరో వరుస ఉండటం ఇంకో చిక్కు. చిన్నబడి ఎ, బి రూపాలకు ఒక్కో పక్కన ఆరు చిన్న చక్రాలు జంటలుగా ఉండి, వాటి మీదుగా బయటివైపు ఒక పొడవాటి ఉక్కు దూలం వెళ్తుంది. చిన్నబడి సి నుంచి ఆ అమరిక పోయి, విడివిడిగా కమాన్ కట్టల మీద నిలిచే ఐదు పెద్ద చక్రాలు, పైన నాలుగు రోలర్లు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన పెద్దబడి ఎ, బి, సి రూపాలన్నీ ఈ ఐదు చక్రాలవే. ఈ నాలుగింటి మధ్య తేడాలు చూపు కిటికీల వంటి చిన్న వివరాల్లోనే ఉంటాయి, మామూలు ఫొటోలో వాటిని పట్టుకోవడం చాలా కష్టం. కాబట్టి మీ పెద్దబడి సి కిట్‌ను పోలండ్ పోరుకు నిస్సంకోచంగా వాడుకోండి.

ఈ నాలుగు రూపాల్లోనూ హల్ ముందరి ముక్కు వంపు తిరిగిన గుండ్రని పలక. పోలండ్‌లో తగిలిన దెబ్బలు చూశాక ముక్కు మీద, డ్రైవర్ ముందున్న పలక మీద, టరెట్ ముందు అదనపు పలకలు బిగించారు. గుండ్రని ముక్కు వాటి కింద దాగిపోయి, పైకి కోణాలు తేలినట్టు కనబడటం మొదలైంది. 1940 మే నెలలో ఫ్రాన్స్ మీదికి వెళ్లేసరికి చాలా ట్యాంకులకు ఈ పని పూర్తయింది. కుపోలా అప్పటికీ రాలేదు. కమాండర్ తల మీద రెండు రెక్కల తలుపే ఉండేది. చుట్టూ చూసేందుకు అద్దాలున్న కుపోలాను ఫ్రాన్స్ పోరు ముగిశాక బిగించసాగారు. ఈ లెక్కన గుండ్రని ముక్కు, రెండు రెక్కల తలుపు ఉంటే పోలండ్. కోణాల ముక్కు, అదే తలుపు ఉంటే ఫ్రాన్స్. కోణాల ముక్కుతో పాటు కుపోలా కూడా ఉంటే ఆ తర్వాతి కాలం.

‘ఎఫ్’ రూపంతో పొరబడకుండా ఒక్క మాట. 1941 మార్చి నుంచి తయారైన ‘ఎఫ్’లో ముక్కు పుట్టుకతోనే చదునైనది, డ్రైవర్ ముందున్న పలక ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకటే. ఆ పలక మీద డ్రైవర్ కిటికీకి పక్కన, శత్రువు గురి తప్పించడానికి పెట్టిన ఉత్తుత్తి కిటికీ ఒకటి ఉంటుంది. కిట్‌లో ఆ రెండో కిటికీ కనిపిస్తే, దానికి పోలండ్ గుర్తులు గానీ ఫ్రాన్స్ గుర్తులు గానీ అతికించకండి.

ప్రశ్న: ఒక పాత ఫొటోలో పక్కకు ఎనిమిది చిన్న చక్రాలున్న ట్యాంకు కనిపించింది. మిత్రులందరూ పాంజర్-4 అంటున్నారు, కింద మాత్రం పాంజర్-3 అని రాసి ఉంది. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఆ రాత సరైనదే అయివుండవచ్చు. పాంజర్-3 అనగానే ఆరు చక్రాలు గుర్తుకొస్తాయి గానీ ఆ అమరిక ‘ఇ’ రూపంతోనే, టార్షన్ బార్లతో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలతో) పాటు, మొదలైంది. అంతకుముందు ‘ఎ’లో ఐదు పెద్ద చక్రాలు చుట్ట స్ప్రింగుల మీద ఉండేవి, ‘బి’, ‘సి’, ‘డి’లలో ఎనిమిది చిన్న చక్రాలు కమాన్ కట్టల మీద ఉండేవి. ముందు పై రోలర్లు లెక్కపెట్టండి: పాంజర్-4లో నాలుగు, ఎనిమిది చక్రాల పాంజర్-3లో మూడు. తర్వాత తుపాకీ చూడండి. పొట్టిగా, లావుగా ఉంటే అది పాంజర్-4కు చెందిన 7.5 సెంటీమీటర్ల గన్. సన్నగా ఉంటే పాంజర్-3కు చెందిన 3.7 సెంటీమీటర్ల గన్.

పాంజర్-3 అని తేలితే ‘బి’, ‘సి’, ‘డి’లలో ఏదో కమాన్ కట్టలే చెబుతాయి. ‘బి’లో పక్కకు రెండు పొడవాటి కట్టలు. ‘సి’, ‘డి’లలో మూడేసి: నడుమ ఒక పొడవాటిది, రెండు కొసల్లో రెండు పొట్టివి. ‘డి’లో ఆ పొట్టి కట్టలు ఏటవాలుగా ఉంటాయి. ఈ రూపాలన్నీ చాలా తక్కువ సంఖ్యలో తయారయ్యాయి, కవచం కూడా పలచన. కాబట్టి మీ చేతికి వచ్చింది అరుదైన ఫొటో, మోడల్‌గా చేయదగ్గది.

పాంజర్-4 అయితే చక్రాలు మీకు సహాయపడవు, తొలి రూపాలన్నిటికీ అవి ఒకటే. అప్పుడు డ్రైవర్ ముందున్న పలకను చూడాలి. ‘ఎ’లో డ్రైవర్ వైపు పలక ముందుకు, రేడియో మనిషి వైపు పలక కాస్త వెనక్కి ఉండి మెట్టులా కనిపిస్తుంది, ఆ వెనుక పలకలో మెషిన్‌గన్ ఉంటుంది. ‘బి’, ‘సి’లలో పలక తిన్నగా ఉంటుంది, అక్కడ మెషిన్‌గన్ లేదు. ‘డి’లో మెట్టు, మెషిన్‌గన్ రెండూ తిరిగి వచ్చాయి, దాన్ని ‘ఎ’ నుంచి వేరు చేసేది టరెట్ ముందు బయటికి పొడుచుకొచ్చిన గన్ కవచం. బోవింగ్టన్‌లో ఉన్న పాంజర్-4 ‘డి’కి తర్వాతి కాలంలో పొడవాటి గన్ అమర్చారు. గన్ ఒక్కటే చూసేవారు దాన్ని ఎంతో తర్వాతి రూపమనుకుంటారు, ముందరి మెట్టు పలక చూసినవారు పొరబడరు.

ప్రశ్న: 1939 నాటి పాంజర్లన్నిటికీ ముదురు బూడిద రంగు ఒక్కటే వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: సరిపోదు. యుద్ధం మొదలైనప్పుడు అమల్లో ఉన్న నియమం ప్రకారం మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ రంగు. నేటి రంగు సీసాల మీద ఇవి జర్మన్ రంగుల పట్టిక ప్రకారం ఆర్‌ఏఎల్ 7021, ఆర్‌ఏఎల్ 7017 అన్న సంఖ్యలతో దొరుకుతాయి. ఉత్త బూడిద రంగు 1940 వేసవిలో వచ్చిన ఆదేశంతో స్థిరపడింది. నలుపు తెలుపు ఫొటోల్లో ఈ రెండు రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుకనే అందరూ ఒకే రంగనుకున్నారు. గోధుమ రంగును పలచగా కలిపి, అంచులు గట్టిగా తేలకుండా వేయండి. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఉందా లేదా అనిపించేంత తేడా చాలు.

పోలండ్‌కు వెళ్లిన ట్యాంకుల మీద పెద్ద తెల్ల శిలువ గుర్తు నిండుగా వేసేవారు. శత్రు గన్నర్లకు అది చక్కని గురి అయిపోవడంతో సిబ్బంది దాని మీద బురద పూశారు, కొందరు నడుమ పసుపు రంగు వేశారు. తర్వాత తెల్ల అంచుల శిలువ వచ్చింది. వరంగల్ పాఠకురాలి పాంజర్-2కు నిండు తెల్ల శిలువ డెకాల్ (అతికించే గుర్తు) సరిగ్గా సరిపోతుంది. దాని మీద కొద్దిగా మట్టి రంగు అద్దినా తప్పులేదు.