మందు కొట్టినా పిడుదులు ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు ఒక హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) ఆవు, దాని పెయ్యదూడ ఉన్నాయండి. పూటకి ఆరు లీటర్లు ఇచ్చే ఆవు మే నెలలో ఉన్నట్టుండి రెండుకి పడిపోయింది, 106 జ్వరం, జబ్బ ముందు నిమ్మకాయంత గడ్డ. పిడుదుల వల్ల వచ్చే తైలేరియా జబ్బు అన్నారు, ఇంజెక్షన్ చేశారు, దేవుడి దయ వల్ల బతికింది. మా ఆయన నెలనెలా పిడుదుల మందు కొడుతూనే ఉన్నారు కదా, మరి ఎట్లా వచ్చిందండీ? దూడకి రాకుండా ఏం చెయ్యాలి?
– ఒక పాడి రైతు, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, ఆవుకి మందు కొట్టారు సరే, గోడకి కొట్టారా? దాదాపు అందరూ ఇక్కడే దెబ్బతింటారు. మనకి ఆవు మీద కనపడేవి కొన్నే, మిగతావన్నీ కొట్టంలోనే ఉంటాయి, గోడ పగుళ్ళలో, గాడి కింద, గుంజ మొదట్లో. రక్తం తాగి చిక్కుడు గింజంత ఉబ్బిన ఆడ పిడుదు రాలిపోయి ఏ సందులోకో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోద్ది, ఆ పిల్లలు మళ్ళీ ఎక్కుతాయి, మీరు మళ్ళీ మందు కొంటారు. తైలేరియాని మోసే రకం పిడుదు పిల్లగా ఉన్నప్పుడు ఒక ఆవు రక్తంలోంచి క్రిమిని ఎక్కించుకుని, రాలి, పెద్దయ్యాక ఇంకో ఆవుకి ఎక్కిస్తది. అందుకని మీ ఆవు బాగైనా గోడలో ఉన్నవి బాగయినట్టు కాదు.

ఇంకో సంగతి, పిడుదు పట్టిన వెంటనే తైలేరియా క్రిమి దిగదు, రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి రోజూ పాలు పితికేటప్పుడు చెవుల లోపల, గంగడోలు, తోక కింద, పొదుగు పక్కన చెయ్యి పెట్టి తడిమి చూస్తే ఖర్చు లేకుండా సగం పని అయిపోద్ది. పీకినవి గోళ్ళతో నలపకండి, సబ్బు నీళ్ళ డబ్బాలో వెయ్యండి.

డెల్టామెత్రిన్ గానీ అమిట్రాజ్ గానీ, సీసా మీద రాసిన మోతాదే కలపండి, ఎక్కువేస్తే త్వరగా చస్తాయనుకోవద్దు, చచ్చేది దూడ. ముందు కడుపునిండా నీళ్ళు తాగించి, ఎండ తగ్గాక కొట్టి, ఆరేదాకా నాక్కోకుండా చూడాలి. అదే రోజు పశువుల్ని బయట కట్టేసి గోడలకీ నేలకీ కూడా కొట్టండి, గాడిలో మాత్రం పడనీయకండి, రెండు వారాలకి మళ్ళీ ఒకసారి. పగుళ్ళు సిమెంటుతో పూడ్చి సున్నం వెయ్యండి. నాటుకోళ్ళు ఉంటే కొట్టంలోకి వదలండి, ఏరుకు తింటాయి (మా అమ్మమ్మకి ఇది డాక్టర్లు చెప్పలేదు!). ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తేలిక కదా అని పాలిచ్చే ఆవుకి చేయించకండి, పాలల్లోకి వస్తది.

పెయ్యకి తైలేరియా టీకా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది, లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచాలి కాబట్టి ప్రతి ఊళ్ళో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. సంకరజాతికి ఇది ముఖ్యం, ఒంగోలు ఆవులు ఈ జబ్బుని చాలావరకు తట్టుకుంటాయి. అయితే మూత్రం కాఫీ రంగులో పోయే బబీసియా అనే ఇంకో పిడుదుల జబ్బుకి ఈ టీకా పనిచెయ్యదు, దానికి మందే వేరు. జ్వరం, గడ్డ కనపడితే 1962కి (పశువుల అంబులెన్స్ నంబరు) ఫోన్ చెయ్యండి, చెవి నుంచి రక్తం చుక్క తీసి స్లైడ్ మీద చూస్తే తెలిసిపోద్ది. రేపు చూద్దాంలే అని మాత్రం అనుకోకండి.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో నాలుగో ఫ్లోర్‌లో ఉంటాం సార్. మా ల్యాబ్రడార్ కుక్క కిందికి దిగేదే తక్కువ, అయినా గోమార్లు (పిడుదులు) పోతలేవు. కిరోసిన్ రాయమంటున్నరు, రాయొచ్చా?

జవాబు: వద్దు బాబూ, చర్మం కాలిపోద్ది, నాకితే లోపలికి పోద్ది. కుక్కల గోమారికి పొలం అక్కర్లేదు, ఇంట్లోనే పుట్టి పెరిగి గుడ్లు పెట్టగలదు. తలుపు ఫ్రేములు, కర్టెన్ మడతలు, సోఫా వెనక టార్చ్ వేసి చూడండి, గోడెక్కుతూ కనపడతాయి. కుక్కకి బరువుని బట్టి డాక్టర్ ఇచ్చే టాబ్లెట్, ఇంటికి పెస్ట్ కంట్రోల్, రెండూ ఒకే వారంలో జరగాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ముందే చెప్పండి, ఇలాంటి మందుల్లో వాడే పర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్క తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం వచ్చినా గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా అనే జబ్బు అయ్యుండొచ్చు, ప్లేట్‌లెట్స్ చూపించండి.

ప్రశ్న: ఇవి మనుషులకి కూడా జబ్బులు తెస్తాయా?

జవాబు: కొన్ని తెస్తాయి. కర్ణాటకలో శివమొగ్గ అడవుల్లో 1957లో కోతులు చచ్చిపోతుంటే బయటపడిన క్యాసనూర్ జ్వరం పిడుదులదే. గుజరాత్‌లో 2011లో కాంగో జ్వరం వచ్చింది, అది పిడుదు కుట్టినా వస్తుంది, దాన్ని ఒట్టి చేత్తో నలిపినా రావచ్చు. ఇందాక గోళ్ళతో వద్దన్నది అందుకే. ఒంటికి పట్టుకుంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి, అగ్గిపుల్లతో కాల్చొద్దు, సబ్బుతో కడగండి. రెండు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టర్ దగ్గర పిడుదు మాట ముందు చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.