మందు వాడుతున్నా పాజిటివ్ పోలేదు... పనిచేయనట్టేనా?

మా వారికి 42 ఏళ్లు. పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. హెపటైటిస్ బి అని తేలితే శ్రీకాకుళంలో చూపించాం. రెండేళ్లుగా టెనోఫోవిర్ వాడుతున్నారు. వైరల్ లోడ్ మొదట 18 లక్షలు, ఇప్పుడు ఏమీ కనిపించలేదట. కానీ హెచ్‌బీఎస్‌ఏజీ మాత్రం పాజిటివే, పరిమాణం 6,200 ఉంది. మందు పడుతుందో లేదో ముందే చెప్పే ఐఎల్28బి జీన్ టెస్టు ఉందని మా తమ్ముడు అంటున్నాడు. చుట్టాలేమో పసరు తాగమంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, టెన్షన్ పడకండి. మందు బాగా పనిచేస్తోంది. 18 లక్షలున్న వైరస్ కనిపించకుండా పోయిందంటే మాత్రతో మనం ఆశించేది అదే.

మరి పాజిటివ్ ఎందుకు పోలేదు? హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైపొర. టెనోఫోవిర్ వైరస్ కొత్త కాపీలు తయారవకుండా ఆపుతుందే గానీ, లివర్ కణాల్లో దాక్కున్న మూలాన్ని పెకలించలేదు. ఆ మూలం నుంచి పైపొర వస్తూనే ఉంటుంది. మీ కొట్టు భాషలో చెప్పాలంటే, బియ్యం రావడం ఆగింది, ఖాళీ సంచులు మాత్రం ఇంకా వస్తున్నాయి. మాత్రలతో ఆ సంచులు కూడా పూర్తిగా పోయేది ఏడాదికి నూటికి ఒకరికి, అదీ కష్టమే.

ఈ పరిమాణం పరీక్ష అసలు అక్కరకొచ్చేది ఇంటర్‌ఫెరాన్ (వైరస్ మీదికి శరీర రక్షణ శక్తిని ఉసిగొల్పే మందు) ఇంజెక్షన్లు వాడేవారికి. అవి వారానికొకటి చొప్పున 48 వారాలు పొడవాలి, జ్వరం, నీరసం మామూలే. హెపటైటిస్ బి వైరస్‌లోనే మన దేశంలో ఎక్కువగా కనిపించే డి రకం (జీనోటైప్ డి) ఉండి, హెచ్‌బీఈఏజీ (వైరస్ చురుగ్గా పెరుగుతోందని చెప్పే మరో గుర్తు) నెగటివ్ అయినవారికి 12వ వారంలో చూస్తాం. హెచ్‌బీఎస్‌ఏజీ అసలు తగ్గక, వైరల్ లోడ్ కూడా నూరో వంతుకు దిగకపోతే అక్కడితో ఆపేస్తాం. మిగతా ఇంజెక్షన్లు పొడిచినా ఒరిగేదేమీ ఉండదు. మీ వారికి ఆ లెక్కతో పని లేదు.

తమ్ముడు చెప్పిన జీన్ సంగతి 2009లో బయటపడింది. అది ముఖ్యంగా హెపటైటిస్ సి కి, అదీ ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో. ఇప్పుడు సి కి 12 వారాల మాత్రలతోనే నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. ఆ జీన్ టెస్టుకు డబ్బులు తగలేయకండి.

పసరు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. నేల ఉసిరి మీద 1988లో చెన్నై పరిశోధకులు ఆశ కలిగించే ఫలితాలు ప్రచురించారు, తర్వాతి పరీక్షల్లో అవి నిలబడలేదు. పసరును నమ్మి మాత్ర ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా తిరగబడి లివర్ దెబ్బతినొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఊరికి వెళ్లినా మాత్రల డబ్బా సంచిలో ఉండాల్సిందే.

ఆరు నెలలకోసారి వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటోందేమో చెప్పే రక్త పరీక్ష), మధ్యమధ్యలో కిడ్నీ కోసం క్రియాటినిన్ చేయించండి. వయసు నలభై దాటింది కాబట్టి లివర్ స్కానింగ్ కూడా ఆరు నెలలకోసారి తప్పదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లా ఆసుపత్రిలో ఓసారి అడగండి.

ఇంతకీ మీరు, పిల్లలు పరీక్ష చేయించుకున్నారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. నెగటివ్ వచ్చి, ఇదివరకు టీకా పడకపోయి ఉంటే మూడు డోసులు వేయించుకోండి.