మసిగుడ్డకు ఏ చీర పనికొస్తుంది?

ప్రశ్న: మా ఇంట్లో పాత చీరలు, చొక్కాలు బీరువా నిండా ఉన్నాయి. మా అత్తయ్య వాటిని చింపి మసిగుడ్డలు చేస్తారు. మొన్న ఒకటి వేడి మూకుడికి అతుక్కుని కరిగిపోయింది, కొంచెంలో నా చెయ్యి కాలేది. పాత బట్టలు వంటింట్లో వాడకూడదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాడొచ్చండీ, తప్పు అత్తయ్యగారిది కాదు, ఆ చీరది. అది పాలిస్టర్ అయి ఉంటుంది. పాలిస్టర్ దాదాపు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఖాళీ మూకుడు మంట మీద ఆ వేడికి తేలిగ్గానే చేరుతుంది, కరిగింది చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. నూలు కరగదు, మాడుతుంది.

ఏది ఏదో తెలియకపోతే రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించి చూడండి. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద వస్తే నూలు. ముడుచుకుపోయి గట్టి నల్లపూసలా మిగిలితే పాలిస్టర్. రెండూ కనిపిస్తే కలనేత, దాన్నీ పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

నూలు బట్టను నాలుగైదు పొరలుగా మడిచి, నూలు దారంతోనే కుట్టండి, పొరల మధ్య గాలే వేడిని ఆపుతుంది. తడిగుడ్డతో మాత్రం గిన్నె దించొద్దు, వేడి చురుక్కున చేతికి ఎక్కేస్తుంది. (మా అమ్మ ఇప్పటికీ వినదు!)

పాలిస్టర్ చీరలు సంచులకు బాగుంటాయి. పసిపిల్లల బొంతకైతే మెత్తబడ్డ నూలు చీరలే వెయ్యండి, చొక్కాలు కలిపితే గుండీలు ముందే కోసెయ్యండి.