చర్చి బృందంతో విదేశీ బడుల సేవకు వెళ్ళాలా, ఆ డబ్బు పంపితే సరిపోతుందా?

వచ్చే వేసవిలో మీ సంఘం నుంచి ఆఫ్రికాలోని బడులకు సహాయం చేయడానికి రెండు వారాలపాటు ఒక బృందం వెళుతోందని, ఆ ప్రయాణానికయ్యే డబ్బును నేరుగా బడికే పంపడం మేలు కాదా అని మీరు అడిగారు. వెళ్ళమనే నేను చెబుతాను. అయితే పెట్టెలు నింపుకొని కాదు, అక్కడి హెడ్మాస్టరు గారి మనసులోని మాట వినడానికి వెళ్ళండి. 2018 జూలైలో టెక్సస్‌లోని మా సంఘం తరఫున 14 మందిమి మలావీ వెళ్ళి వచ్చినప్పటి నుంచీ నాకు స్థిరపడిపోయిన అభిప్రాయం ఇది.

మేము వెళ్ళిన ప్రాథమిక పాఠశాల దక్షిణ మలావీలో, తేయాకు తోటలుండే చోలో జిల్లాలో ఉంది. మలావీ ప్రభుత్వం 1994లో ప్రాథమిక విద్యను ఉచితం చేసినప్పుడు సుమారు 19 లక్షలుగా ఉన్న పిల్లల సంఖ్య ఒక్కసారిగా 30 లక్షల దాకా పెరిగింది కానీ, గదులూ ఉపాధ్యాయులూ ఆ వేగంతో పెరగలేదు. ఆ లోటు ఇంకా తీరలేదు. మేము వెళ్ళేనాటికి ఆ బడిలో ఒకటో తరగతి మామిడిచెట్టు కిందే నడుస్తోంది. 130 మంది పిల్లలు, ఒక పంతులమ్మ, చెట్టు మొదలుకు ఆనించిన నల్లబల్ల, అంతే. పొద్దెక్కేకొద్దీ నీడ జరిగేది, నీడతోపాటు పిల్లలూ లేచి జరిగేవారు, ఆమె చెబుతున్న పాఠం ఆపకుండానే బల్లను ఎత్తి చెట్టుకు ఇంకో పక్కన ఆనించేది.

మేము మనిషికి రెండేసి చొప్పున, ఒక్కొక్కటి 23 కిలోల బరువున్న 28 పెట్టెలు తీసుకువెళ్ళాము. వాటినిండా కథల పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, టీషర్టులు. ఆ బడికి గ్రంథాలయం అవసరమని టెక్సస్‌లోనే తీర్మానించుకొని బయలుదేరాము. ఇంట్లో చిచేవా మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో మంచుబొమ్మల కథలు తీసుకువెళ్ళడమేమిటని మాలో ఒక్కరమూ ఆలోచించకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. పెన్సిళ్ళయితే అక్కడి పెద్ద నగరమైన బ్లాంటైర్ అంగడిలోనే దొరుకుతాయి.

మూడో రోజు ఉదయం చిపెరోని మొదలయింది. మొజాంబిక్ వైపున్న చిపెరోనె కొండ మీదుగా చలికాలంలో వచ్చే చలిగాలిని, దానితోపాటు పట్టే మంచుతెరను, సన్నని జల్లును అక్కడివారు ఆ పేరుతోనే పిలుస్తారు. పిల్లలు మోకాళ్ళను చొక్కాల్లోకి లాక్కొని ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నారు. నల్లబల్ల మీద రాసిన అక్షరాలు చూస్తుండగానే నీరుగా కారిపోయాయి. పంతులమ్మ కాసేపు చూసి, బల్ల మీద గోనెపట్టా కప్పి, పిల్లలందరినీ ఇళ్ళకు పంపేసింది. ఆ జల్లు మూడు రోజులు వదలలేదు, ఆ మూడు రోజులూ ఒకటో తరగతి లేదు. బడిలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క చిన్న గదిలో మేము కూర్చొని పుస్తకాలు సర్దుతున్నాము.

ఆ సాయంత్రం బడి వెనుకకు నడిచి వెళితే పాచిపట్టిన పెద్ద ఇటుకల గుట్ట కనిపించింది. రెండేళ్ళ కిందట పిల్లల తల్లిదండ్రులే మట్టి తొక్కి, అచ్చులు పోసి, కాల్చి పెట్టుకున్న ఇటుకలవి. గోడలు తామే కట్టుకోగలరని, పైకప్పుకు రేకులు లేక ఆగిపోయారని హెడ్మాస్టరు గారు చెప్పారు. ఎన్ని రేకులు కావాలని అడిగితే, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా 72 అన్నారు. మరి మొదటి రోజు మేము ఏమి కావాలని అడిగినప్పుడు మీరేది ఇచ్చినా సంతోషమే అన్నారు కదా అంటే, ఆయన తల దించుకొని, ‘దూరం నుంచి వచ్చిన అతిథులను ఫలానాది కావాలని ఎలా అడుగుతామండీ’ అన్నారు.

నాకు మా నాన్నగారు గుర్తుకువచ్చారు. ప్రకాశం జిల్లాలో ఒక మిషన్ బోర్డింగులో ఆయన పంతులు. మా చిన్నప్పుడు ఒకసారి విదేశీ అతిథులు వచ్చి ఏమి కావాలని అడిగితే, ఆయన ‘మీ దయ’ అని చేతులు జోడించారు. ఆవరణలో చేతిపంపు విరిగిపోయి నెల దాటింది, మేము అర కిలోమీటరు నడిచి నీళ్ళు మోసుకొస్తున్నాము. అతిథులు మాకు రంగు పెన్సిళ్ళు పంచి, మాతో ఫోటోలు దిగి వెళ్ళారు.

మరునాడు హెడ్మాస్టరు గారూ నేనూ బ్లాంటైర్‌లోని లింబేలో ఒక గుజరాతీ వ్యాపారి దుకాణానికి వెళ్ళాము. రేకులు, కలప, మేకులు, ఊళ్ళోని వడ్రంగి కూలీ అన్నీ కలిపి లెక్క వేస్తే మాలో ఇద్దరి విమాన టికెట్ల ఖర్చు కూడా కాలేదు. అలాంటప్పుడు అందరమూ వెళ్ళడం ఎందుకని మీరు అడగవచ్చు. అంతకుముందు రెండేళ్ళుగా ఆ బడి నుంచి మా సంఘానికి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, వాటిలో కృతజ్ఞతలు తప్ప రేకుల ఊసు ఎన్నడూ లేదు. ఆ 72 అనే అంకె ఇటుకల గుట్ట పక్కన నిలబడితేనే వినిపించింది. కాబట్టి మీ సంఘం నుంచి ఇద్దరో ముగ్గురో వెళ్ళండి, ఏటా ఆ మనుషులే వెళ్ళండి. తేదీలు కూడా మీ సెలవులను బట్టి కాక ఆ బడి సెలవులను బట్టి పెట్టుకోండి. కెన్యాలో ఆగస్టు బడులకు సెలవుల నెల, అయినా మాకు తెలిసిన ఒక బృందం సరిగ్గా ఆగస్టులోనే అక్కడికి వెళ్ళి తాళాలు వేసిన గదులకు రంగులు వేసి వచ్చింది.

మన తెలుగు సంఘాలకు ఈ విషయంలో గొప్ప వారసత్వమే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పనీ కూలీ ఇచ్చారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు, నేటాల్ తోటల్లో కూలికి కుదిరిన తెలుగువారి కోసం దక్షిణాఫ్రికా వెళ్ళి, అక్కడే ఉండిపోయి పరిచర్య చేశారు. మన సంఘాల్లో ఇప్పుడు చూపించే స్లైడ్లలో ఈ పేర్లు కనిపించవు, పిల్లలను ఎత్తుకొని దిగిన ఫోటోలే కనిపిస్తాయి. ఆ పిల్లల తల్లులను ఎవరైనా అనుమతి అడిగారా?

మేము డబ్బు పంపిన నాలుగు నెలలకు గది లేచింది. గోడలు వారే కట్టుకున్నారు, కప్పు వేసినది ఆ ఊరి వడ్రంగే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణ మలావీని ముంచెత్తినప్పుడు ఇళ్ళు కూలిన కుటుంబాలు ఆ గదిలోనే తలదాచుకున్నాయని హెడ్మాస్టరు గారు వాట్సాప్‌లో రాశారు. చివరి వరుసలో 9 రేకులు లేచిపోయాయని, అవీ రెండు కిలోల మేకులూ కావాలని ఈసారి ఆయనే అడిగారు. డబ్బు ఆ వారమే పంపాము.