పాట మీద సాయంత్రం పెడుతున్నావట, కొన్ని మాటలు విను

చిన్నా,

ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పాట 'హోటల్ కాలిఫోర్నియా'కి యాభై ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి డిసెంబర్‌లో మన మారేడ్‌పల్లి ఇంటి డాబా మీద ఆ పాటని ప్రేమించే వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడతానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. "అత్తా, నువ్వూ మీ ఫ్రెండ్సూ ఇలాంటివి చాలా చేశారు కదా, ఎలా చేయాలో చెప్పు" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు తేదీ సంగతి తేల్చేద్దాం. ఆ పాట ఉన్న ఆల్బమ్ వచ్చింది 1976 డిసెంబర్ 8న. 2026లో ఆ తేదీ మంగళవారం పడుతోంది. మంగళవారం రాత్రి గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్‌కి ఎవరు వస్తారు చెప్పు? ముందు శనివారం, 5వ తేదీన పెట్టుకో. సాయంత్రం ఆరుకే మొదలుపెట్టు. రాత్రి పది దాటితే బయట స్పీకర్ పెట్టకూడదు, పైగా పక్కింటి తాతగారు తొమ్మిదిన్నరకే పడుకుంటారు. ముందు రోజే వెళ్లి ఆయనకి చెప్పి, వీలైతే ఆయన్నీ రమ్మను.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. మొదట క్విజ్, తర్వాత ఈగల్స్ బ్యాండ్ చరిత్ర మీద పీపీటీ, ఆ తర్వాత జామింగ్, చివర్లో టైమ్ మిగిలితే మెమరీస్ షేరింగ్ అని రాశావు. దీన్ని మొత్తం తిరగెయ్యి. టైమ్ మిగిలితే చేసే పని కాదది, ఆ సాయంత్రం జరిగేదే దాని కోసం. బ్యాండ్ చరిత్ర ప్రతివాడి ఫోన్‌లోనూ ఉంటుంది. లాలాగూడలో ఒక అమ్మాయి ఆ పాట మొదటిసారి ఎవరి ఇంట్లో, ఏ డబ్బాలో విన్నదో ఆవిడ నోటివెంట తప్ప ఇంకెక్కడా దొరకదు, ఆవిడ చెప్పకపోతే అది అంతటితో పోతుంది. మా వయసు వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు రా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

"ఈ పాటంటే మీకెందుకు ఇష్టం?" అని మాత్రం ఎవరినీ అడగకు. ఆ ప్రశ్నకి అందరిదీ ఒకటే జవాబు. ఎవర్‌గ్రీన్ అంటారు, గూస్‌బంప్స్ అంటారు, ఇలాంటి పాటలు ఇప్పుడు రావంటారు, చప్పట్లు కొట్టి పక్కవాళ్లకి మైకు ఇచ్చేస్తారు. మొదటిసారి ఎక్కడ విన్నారు, దేంట్లో విన్నారు, క్యాసెట్ ఎవరిచ్చారు, గదిలో ఇంకెవరున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు ఏమన్నారు, ఇవి అడుగు. చేత్తో పట్టుకోగలిగిన వస్తువు గురించి అడిగితే మనిషి నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

మా బృందంలో ఒకాయన ఉన్నాడు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎప్పుడు అడిగినా "మంచి పాట" అని ఊరుకునేవాడు. ఒకసారి "మీ క్యాసెట్‌లో అది ఎన్నో పాట?" అని అడిగాను. అంతే, మొదలుపెట్టాడు. కాలేజీ రోజుల్లో కోఠీలో ఒక రికార్డింగ్ షాపుకి పాటల లిస్టు పట్టుకెళ్లి అరవై నిమిషాల బ్లాంక్ క్యాసెట్‌లో ఎక్కించుకునేవాడట. ఇది ఆరున్నర నిమిషాల పాట, ఏ సైడ్‌లో చివర పెట్టినా పూర్తిగా పట్టదు. ఆయన క్యాసెట్‌లో గొంతు ఆగిపోయి గిటార్లు అందుకుని, సరిగ్గా పైకి లేస్తుండగా టేపు అయిపోయి టక్ మని బటన్ లేచేది. ఏళ్ల తరబడి ఆయనకి ఆ పాట అక్కడికే అయిపోయింది! ఆ తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో ఎల్పీ మీద మొత్తం విన్నప్పుడు, ఇంకా ఇంత ఉందా అని లేచి నిలబడ్డాడట. ఇప్పటికీ ఆ చోటుకి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే బటన్ దగ్గరికి వెళ్తుందని గాల్లో చూపుడువేలు ఆడించి చూపించాడు. ఆ రోజు మా అందరికీ ఆ చివరి రెండు నిమిషాలు మళ్లీ కొత్తగా వినిపించాయి.

నీ పీపీటీలో ఉన్న సంగతులు ఇక్కడ పనికొస్తాయి. ఎవరో క్యాసెట్ ముచ్చట చెప్పగానే నువ్వు ఈగల్స్ గిటారిస్ట్ డాన్ ఫెల్డర్ క్యాసెట్ కథ అందుకో. ఆ ట్యూన్ ఫెల్డర్‌దే కదా, మాలిబూలో సముద్రం ఒడ్డున అద్దెకున్న ఇంట్లో పన్నెండు తీగల గిటార్ మీద చేసి, నమూనాగా ఒక డెమో క్యాసెట్‌లో పెట్టుకున్నాడు. తర్వాత మయామీలో స్టూడియోలో చివరి సోలో దగ్గరికి వచ్చేసరికి తనూ ఇంకో గిటారిస్ట్ జో వాల్ష్ కలిసి అప్పటికప్పుడు ఏదో వాయించబోతే, పాట పాడిన డాన్ హెన్లీ ఆపేశాడు. డెమోలో ఎలా ఉందో అచ్చం అలాగే కావాలన్నాడు. ఆ డెమో చూస్తే దేశం అవతలి చివర ఇంట్లో ఉంది. ఇంట్లో పనిచేసే ఆవిడకి ఫోన్ చేసి, ఆ క్యాసెట్ వెతికించి, ప్లే చేయించి, రిసీవర్ దగ్గర పెట్టించి విని నేర్చుకున్నాడు. ఫెల్డరే చాలాసార్లు చెప్పిన కథ ఇది. కోఠీ క్యాసెట్ పక్కన మయామీ ఫోన్ కథ పడితే జనం ఎలా వింటారో చూడు, దాన్నే స్లైడ్‌లో పెట్టి చదివితే ఫోన్లు తీసి చూసుకుంటూ కూర్చుంటారు.

ఎవరిని పిలవాలి అన్నది ఇంకో పెద్ద విషయం. నీ లిస్టులో అందరూ గిటార్ వాయించేవాళ్లూ, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లని పిలువు, వద్దనను. కానీ కోఠీ గుజరాతీ గల్లీలో స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ అమ్మిన పాతవాళ్లని కూడా పిలువు. 1994లో ఈగల్స్ మళ్లీ కలిసి అకూస్టిక్‌గా వాయించిన వెర్షన్ ఉంది చూడు, స్పానిష్ పద్ధతిలో గిటార్‌తో మొదలై తర్వాత డ్రమ్ పడుతుంది. స్పీకర్ టెస్ట్ చేయడానికి చాలామందికి అదే పాట. నాకు తెలిసిన ఒక సౌండ్ మెకానిక్ పెళ్లి పందిట్లో బాక్సులు సెట్ చేసి ముందు అదే వేసేవాడు. డ్రమ్ మొదటి దెబ్బకి అరచెయ్యి బాక్సు మీద పెట్టి చూసుకుని, "ఈ దెబ్బ గుండెకి తగలాలమ్మా, తగల్లేదంటే వైరింగ్‌లో తేడా ఉన్నట్టే" అనేవాడు. పాటలో ఒక్క మాట అర్థం తెలీదు అతనికి. ఆ రికార్డింగ్ ఎంత శుభ్రంగా ఉందో మనలో ఎవరికన్నా అతనికే బాగా తెలుసు. అలాంటివాడు నీ డాబా మీద కూర్చుని తెలుగులోనో ఉర్దూలోనో చెబితే అందరూ వినాలి. అందుకే మొదట్లోనే నువ్వు తెలుగులో మాట్లాడు. ఇంగ్లిష్ పాట కాబట్టి ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలేమో అన్న టెన్షన్‌తో సగం మంది నోరు విప్పరు.

లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లని కూడా మర్చిపోవద్దు, సికింద్రాబాద్‌లో ఈ పాటల్ని ఇళ్లల్లో, డ్యాన్సుల్లో మోగించింది వాళ్లే. నాకు పరిచయమున్న ఒక పెద్దావిడ క్రిస్మస్ డ్యాన్స్ గురించి చెప్పేది, గొంతు ఆగగానే పాట అయిపోయిందనుకుని జంటలు సగం కుర్చీల వైపు వెళ్లిపోయారట, బ్యాండ్ కుర్రాళ్లు మాత్రం ఆపకుండా గిటార్లు వాయిస్తూనే ఉంటే ఆవిడా, తర్వాత ఆవిడ భర్త అయిన అబ్బాయీ ఇద్దరే మధ్యలో మిగిలిపోయారట. ఆవిడ నంబర్ నీకు ఇస్తాను, కారు పంపించి తీసుకురా, మెట్లెక్కడానికి చెయ్యి పట్టుకో.

బాగా మాట్లాడేవాళ్లని మొదట మాట్లాడించకు. ఇది నేను మరీ మరీ చెబుతున్నా. మొదటివాడు మహా వక్త అయితే తర్వాతివాళ్లు మనమేం చెబుతాంలే అని ముడుచుకుపోతారు. మామూలుగా, తడబడుతూ చెప్పేవాళ్లతో మొదలుపెట్టు. మైకు చేతికివ్వకు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అడుగు. ఎవరైనా పాట వదిలేసి తన ఉద్యోగం, అమెరికాలో కొడుకు ఇల్లు అంటూ వెళ్లిపోతే మధ్యలో ఆపి చిన్నబుచ్చకు, "అప్పుడు ఈ పాట ఎక్కడ మోగుతోంది అంకుల్?" అని మెల్లగా అను, వెనక్కి వచ్చేస్తారు.

పాట అర్థం మీద వాదన తప్పకుండా వస్తుంది. సైతాను పాట అనేవాడొకడు, మెక్సికోలో నిజంగా ఆ హోటల్ ఉందనేవాడొకడు. అమాయకత్వం నుంచి అనుభవం వైపు ప్రయాణం గురించి అని హెన్లీ చాలాసార్లు చెప్పాడు, ఆల్బమ్ అట్ట మీద ఉన్న బిల్డింగ్ బెవర్లీ హిల్స్ హోటల్, మెక్సికోలో ఆ పేరుతో నడుస్తున్న హోటల్ మీద బ్యాండ్ వాళ్లు 2017లో కేసు కూడా వేశారు. ఈ మూడూ చెప్పి ముందుకెళ్లు. 2001లో ఫెల్డర్‌ని బ్యాండ్ నుంచి తీసేసిన గొడవ కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎవరి పక్షమూ తీసుకోకు, ట్యూన్ ఆయనదని మాత్రం పేరు పెట్టి చెప్పు, చాలామందికి అది తెలీదు. 2016లో పోయిన గ్లెన్ ఫ్రై, 2023లో పోయిన బేస్ వాయించిన రాండీ మైస్నర్, ఇద్దరి పేర్లూ కూడా తలుచుకోండి.

ఇక వినడం. నీ దగ్గరున్న ఆ ఒక్క బ్లూటూత్ డబ్బా చాలదు, స్టీరియో అంతా అందులో నలిగిపోతుంది. రెండు స్పీకర్లు కాస్త దూరంగా పెట్టు. మొదట 1976 పాట, మొదటి గిటార్ మీటు నుంచి చివర గిటార్లు మెల్లగా తగ్గిపోయేదాకా, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా. అప్పట్లో రేడియోకి మూడు మూడున్నర నిమిషాల పాటలే కావాలంటే వీళ్లు ఒక్క సెకను కొయ్యనివ్వలేదు, అలాగే 1977 మే నాటికి అమెరికాలో నంబర్ వన్ అయింది. అంత పట్టుపట్టి నిలబెట్టిన సోలో మీద మనం చాయ్ కప్పులు చప్పుడు చేయకూడదు రా. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పాటకి ముందే ఇచ్చెయ్యి. ఆ తర్వాత ముచ్చట్లు. 1994 వెర్షన్ ఆఖరికి ఉంచు, అప్పటికి అందరూ గుజరాతీ గల్లీ కథ వినేసి ఉంటారు కాబట్టి ఆ డ్రమ్ దెబ్బ కోసం కాచుకుని కూర్చుంటారు.

జామింగ్ మానెయ్యమనను, ముచ్చట్లయ్యాక పెట్టుకో. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకే వేలితో చాలా తీగలు నొక్కిపట్టాల్సిన బీ మైనర్ బారే కార్డ్ దగ్గర వేళ్లు నొప్పెట్టి వదిలేస్తారు, ఏడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుని ఈ మైనర్ షేప్‌తో మొదలుపెట్టమను, రికార్డులో ఆ మొదటి గిటార్ కూడా అలా కేపో పెట్టి వాయించిందే. కార్డ్స్ అందరూ వాయించవచ్చు. చివరి సోలోలో లీడ్ మాత్రం నిజంగా సాధన చేసిన ఇద్దరికే ఇవ్వు, ఒకరు అడుగుతున్నట్టు ఒకరు జవాబిస్తున్నట్టు సాగి చివర ఇద్దరూ కలిసిపోయే చోటు అది, నలుగురు ఎగబడితే ఏమీ మిగలదు.

చెప్పినవన్నీ ఒకరు నోట్‌బుక్‌లో రాయాలి, మీ చెల్లి దస్తూరీ బాగుంటుంది కదా, తనకి అప్పగించు. ఫోన్‌లో రికార్డ్ చేస్తే ముందే అడిగి చెయ్యి, అడగకుండా ఎవరి గొంతూ ఎక్కడా పెట్టకు.

నా పాత క్యాసెట్ డెక్‌కి బెల్టు సాగిపోయింది, మార్పించి ఉంచుతాను. వచ్చే ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు మీ నాన్న అటక మీద దాచిన క్యాసెట్ల డబ్బా తీసుకురా, బూజు పట్టినవి డెక్‌లో పెట్టకుండా నాకు చూపించు, తుడిచి ఇస్తాను. ఇంకో మాట, మీ నాన్న చేత కూడా మాట్లాడించు, కానీ ఇంట్లో ముందే అడిగెయ్యకు. ఆ రోజు అందరి మధ్యా అడుగు.

ప్రేమతో,
అత్త