టెక్ సందేహాలు: అమ్మ ఫోనుకు తాళం తీసేశారా?

ప్రశ్న: మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. కాకినాడ నుంచి తీసుకొచ్చి ఒక రోజంతా తీరిగ్గా హైదరాబాద్ చూపించాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం పన్నెండు కొట్టేసరికే నా ఫోను బ్యాటరీ 15 శాతానికి పడిపోయింది. సాయంత్రం లాడ్‌బజార్‌లో గాజుల దుకాణాల మధ్య అమ్మ తప్పిపోయింది. ఎనిమిదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అరగంటకు దొరికింది. ఆమె ఎక్కడుందో తెలియాలంటే ఏ యాప్ వేయాలి? ప్యాటర్న్ గీయడం ఆమెకు రాదని స్క్రీన్ లాక్ ఎప్పుడో తీసేశాను.

జవాబు: సెలవులు వచ్చాయంటే ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి, ఊరు పేరే మారుతుంది. బ్యాటరీ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఎండలో తెర వెలుగు పూర్తిగా పెంచి, మ్యాపు నడుపుతూ, మధ్యమధ్య వీడియోలు తీస్తే ఏ ఫోనైనా మధ్యాహ్నానికి చతికిలబడుతుంది. ఊరి మ్యాపు ముందురోజు రాత్రే దింపుకోండి, సంచిలో పవర్ బ్యాంకు వేసుకోండి.

నాకు గుబులు పుట్టించింది మీ చివరి వాక్యం. ఆ రోజు మీ అమ్మగారి చేతిసంచిలో ఏమున్నాయో నేను చెప్పనా? తాళం లేని ఫోను, ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు. కార్డు కవరులో నాలుగు మడతలు పెట్టిన చీటీ, దాని మీద పిన్ నంబరు కూడా ఉండే ఉంటుంది. ఆ సందడిలో సంచి ఒక్కటి జారితే దొంగకు వేరే పనిముట్లు అక్కర్లేదు. యూపీఐ పిన్ తెలియకపోయినా, కార్డు మీది వివరాలు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంటే కొత్త పిన్ పెట్టేసుకోవచ్చు. రెండింటినీ మనమే ఒకే సంచిలో సర్ది ఇస్తున్నాం.

ప్యాటర్న్ రాకపోతే అంకెల పిన్ పెట్టండి. పాలవాడి లెక్క, చీటీపాట లెక్క నలభై ఏళ్లు నోటితోనే కట్టిన మనిషికి నాలుగంకెలు గుర్తుండవా? పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. లాక్ పడి ఉన్నప్పుడు మెసేజీలు తెర మీద కనిపించకుండా చేయండి, లేకపోతే ఓటీపీ బయటికే చదివి వినిపించినట్టు. అంతటితోనూ అయిపోలేదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే ఓటీపీలన్నీ దాని వెంటే పోతాయి. సిమ్‌కూ విడిగా పిన్ పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఎన్నేళ్లనుంచో ఉన్నా వాడేవారు బహు తక్కువ. అయితే మొదట సిమ్‌కు కంపెనీ ముందే పెట్టిన పిన్ అడుగుతుంది. దాన్ని నెట్‌వర్క్ కంపెనీని అడిగి తెలుసుకోండి, ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పితే పీయూకే, అంటే సిమ్ తాళం తెరిచే కోడ్, అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ పారేయాల్సిందే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారనివ్వకండి.

ఇక ఎనిమిదిసార్లూ ఎందుకు ఎత్తలేదు? ఆమెకు రింగు వినపడే ఉంటుందని నా అనుమానం. మా ఇంట్లో జరిగిందిదే. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చింది, పొద్దునకు కాల్ తెర మారిపోయింది. అంతవరకు పైకి జరిపితే ఎత్తే ఫోనును ఇక పక్కకు జరపాలట. అమ్మ పైకి జరుపుతూనే ఉంది, ఫోను మోగుతూనే ఉంది. ‘నువ్వే పెట్టేస్తున్నావనుకున్నానురా’ అంది సాయంత్రం.

మ్యూజియంలో మీరు చూసిన ఆ గడియారంలో గడ్డపు బొమ్మ గంటగంటకూ అదే చోటినుంచి బయటికొచ్చి అదే గంట మోగిస్తుంది. ఎటు చూడాలో తెలుసు కాబట్టే జనం ముందుగా వచ్చి కూర్చుంటారు. నెలకోసారి బొమ్మను వేరే తలుపులోంచి పంపుదామన్న తెలివి అక్కడ ఎవరికీ పుట్టలేదు. ఫోన్లు చేసేవాళ్లకు పుట్టింది. పోనీ అప్‌డేట్లు ఆపేయమని చెబుదామా అంటే, భద్రతా లోపాలను సరిచేసే మరమ్మతులూ వాటిలోనే వస్తాయి. అలంకారాన్నీ మరమ్మతునూ ఒకే మూటలో కట్టి పంపడం మీదే నా కోపమంతా. కొన్ని ఫోన్లలో జరిపే బదులు నొక్కి ఎత్తే పద్ధతి ఎంచుకునే వీలుంటుంది, కాల్ సెట్టింగ్స్‌లో వెతకండి. మార్చాక ఊరుకోకుండా ఆమెతోనే నాలుగుసార్లు ఎత్తించండి.

కొత్త యాప్ ఏదీ వద్దు. ‘కుటుంబాన్ని కనిపెట్టే’ యాపులు కొన్ని మెసేజీలు చదివే అనుమతి కూడా అడుగుతాయి, అంటే ఓటీపీలు వాటి చేతిలో పెట్టడమే. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల వరకు పెట్టుకోవచ్చు, ఒక రోజు తిరుగుడుకు అది చాలు. ఆమె ఫోనులో డేటా ఆన్ చేసి ఉంచండి. సందుల్లోకి వెళ్లాక చుక్క కాస్త అటూఇటూ గెంతుతుంది కాబట్టి, తప్పిపోతే చార్మినార్‌కు పడమర వైపు, లాడ్‌బజార్ మొదట్లో నిలబడమని ముందే చెప్పుకోండి. 1591లో కట్టిన చార్మినార్‌ను ఏ అప్‌డేటూ పక్కకు జరపలేదు.

మీ నంబరు పెద్ద అంకెలతో ఒక చీటీ మీద రాసి, ఆమె బొడ్డులో దోపుకునే చిన్న పర్సులో పెట్టించండి. ఏటీఎం పిన్ రాసిన చీటీ అందులోనే ఉంటే మాత్రం తీసి చించేయండి.