బరువు సంగతి బ్లేడు ఒక్కదానితో తేలదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఉద్యోగరీత్యా కర్నూలులో ఉంటూ, సాయంత్రం పూట క్లబ్బులో టేబుల్ టెన్నిస్ ఆడుతుంటాను. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ రెండింటితోనూ టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొట్టే దెబ్బ) కొట్టే దాడి ఆట నాది. ఏడు పొరల బ్లేడుకు (బ్యాటులోని చెక్క భాగానికి) రెండువైపులా గరిష్ఠ మందం రబ్బర్లు వేయించుకున్నాను. మూడో గేము వచ్చేసరికి చెయ్యి లాగేస్తోంది, బ్యాక్‌హ్యాండ్ బంతికి బ్యాటు ఆలస్యంగా అందుతోంది. 65 గ్రాముల బాల్సా బ్లేడు తీసుకోమని మిత్రుడొకరు చెబుతున్నారు. దాడి ఆటకు అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బ్లేడు మార్చే ముందు రబ్బర్ల లెక్క చూసుకోవాలని నా సలహా. మన ఊళ్లలో చాలామంది ఒట్టి బ్లేడు ఎన్ని గ్రాములో అడిగి తెలుసుకుని అక్కడితో ఆగిపోతారు. కాని మనం చేత్తో ఊపేది రబ్బర్లు అంటించిన మొత్తం బ్యాటును, అందులో సగానికి పైగా బరువు సాధారణంగా రబ్బర్లదే. మీ బ్యాటును వంటింట్లో వాడే గ్రాముల కాటా మీద పెట్టి చూడండి. ఏడు పొరల బ్లేడు 92 గ్రాములు, ఫోర్‌హ్యాండ్ వైపు గట్టి స్పాంజి (రబ్బరు అడుగున ఉండే పొర) ఉన్న రబ్బరు కత్తిరించాక 52, బ్యాక్‌హ్యాండ్ వైపుది 49, జిగురు, అంచు పట్టీ కలిపి 5 అనుకుంటే మొత్తం 198 గ్రాములవుతుంది. రోజూ గంటల తరబడి సాధన చేసి, అందుకు తగిన కసరత్తు కూడా చేసే వృత్తి క్రీడాకారులకే ఆ బరువు నప్పుతుంది. అదే 80 గ్రాముల బ్లేడుకు 45, 41 గ్రాముల రబ్బర్లు వేసి, జిగురు పలచగా పూసి, సన్నని పట్టీ చుడితే 169 దగ్గర ఆగుతుంది. తగ్గిన 29 గ్రాములలో బ్లేడు వల్ల తగ్గింది 12 మాత్రమేనని గమనించండి.

పైగా రబ్బర్ల బరువంతా మణికట్టుకు దూరంగా, బ్యాటు తల భాగంలోనే ఉంటుంది. పిడిలో ఉన్న పది గ్రాములు చేతికి అంతగా తెలియవు, తలలో ఉన్న పది గ్రాములు మాత్రం ప్రతి బ్యాక్‌హ్యాండ్‌లోనూ తెలుస్తాయి. బ్యాటును చూపుడువేలి మీద అడ్డంగా నిలిపి, ఏ చోట తూగుతుందో చూడండి. తూగే చోటు పిడి నుంచి ఎంత పైకి జరిగితే ఆ బ్యాటు అంత తలబరువు కింద లెక్క. ఒకే బరువున్న రెండు బ్యాట్లలో ఒకటి చురుకుగా, ఇంకొకటి మొద్దుగా అనిపించడానికి ఇదే ముఖ్య కారణం. పిడి లోపల బోలుగా ఉన్న బ్లేడు ఒట్టిగా తూచినప్పుడు తేలికే అయినా, రబ్బర్లు వేశాక తలవైపు మొగ్గుతుంది కాబట్టి, తేలిక కోసమే అలాంటిది ఎంచుకోవడం మీకు కలిసిరాదు.

65 గ్రాముల బాల్సా బ్లేడును మీ ఆటకు నేను సిఫారసు చేయను. బాల్సా చాలా మెత్తని చెక్క కావడం వల్ల, బ్లేడుకు తగినంత బిగువు రావాలంటే దాన్ని మందంగా వాడాల్సి వస్తుంది. నెమ్మదిగా తాకినప్పుడు అది బంతిని బాగానే విసురుతుంది గాని, బలంగా కొట్టినప్పుడు మనం పెట్టిన శక్తికి తగిన వేగం బంతికి అందదు. ఎదుటివారి బలమైన లూప్‌ను (బాగా తిప్పి కొట్టిన టాప్‌స్పిన్‌ను) బ్యాటు అడ్డుపెట్టి బ్లాక్ చేసేటప్పుడు మరీ తేలికైన బ్యాటు చేతిలో అదురుతుంది. దాడి చేసేవారికి కొంత బరువు కావాలి, ఆ బరువును మ్యాచ్ చివరిదాకా వేగంగా ఊపగలగడం కూడా అంతే కావాలి. మీ వయసుకు, మీరు చెప్పిన ఆటకు మొత్తం బ్యాటు 165 నుంచి 175 గ్రాముల మధ్య ఉండేలా చూసుకోవడం మంచిదని నా అంచనా.

బ్లేడు విషయంలో ఐదు పొరల చెక్క బ్లేడు చాలు. యసాకా స్వీడన్ ఎక్స్‌ట్రా, స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్ వంటివి ఈ కోవలోవే. ఆల్‌రౌండ్ అన్న పేరు చూసి దాడికి పనికిరాదేమోనని వెనకాడనక్కరలేదు, నేటి రబ్బర్లతో వాటి మీద నిండైన దాడి ఆట ఆడవచ్చు. చెక్క ప్రకృతి సిద్ధమైనది కనుక ఒకే రకం బ్లేడులో ఒకదానికీ మరొకదానికీ పది గ్రాముల దాకా తేడా రావచ్చు. కర్నూలు దుకాణాలలో ఎక్కువగా కనిపించేవి రబ్బర్లు అంటించి అమ్మే బ్యాట్లు కాబట్టి, మీరు హైదరాబాదు నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాల్సి ఉంటుంది. డబ్బు కట్టే ముందు, 78 నుంచి 83 గ్రాముల మధ్య ఉన్నదే కావాలని అడిగి, కాటా మీద పెట్టిన ఫోటో పంపించమనండి.

చెక్క పొరల మధ్య కార్బన్ నార పొర పెట్టిన బ్లేడ్ల గురించి మీరు అడగలేదు గాని, దుకాణదారు తప్పక ఆ ప్రస్తావన తెస్తారు. నిబంధనల ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి, కార్బన్ వంటి ఒక్కో పొర మొత్తం మందంలో 7.5 శాతాన్ని గాని 0.35 మిల్లీమీటర్లను గాని, వీటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. అంత పలచని పొర వల్ల బరువు పెద్దగా పెరగదు, నడుమ కిరి అనే తేలిక చెక్క వాడితే తేలికైన కార్బన్ బ్లేడు కూడా దొరుకుతుంది. అయితే అది బిర్రుగా ఉండి బంతిని త్వరగా వదిలేస్తుంది కాబట్టి, టాప్‌స్పిన్ మీద ఆధారపడే మీకు బంతి మీద పట్టు తగ్గుతుంది.

ఇక రబ్బర్లు. పై రబ్బరు, స్పాంజి, జిగురు అన్నీ కలిపి ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లు మించరాదన్నది నియమం. మీరు ఆ అంచుదాకా వెళ్లకుండా ఫోర్‌హ్యాండ్‌కు 2.0, బ్యాక్‌హ్యాండ్‌కు 1.8 మిల్లీమీటర్ల స్పాంజి వేయించుకోండి. బ్యాక్‌హ్యాండ్ వైపు క్సియోమ్ వేగా యూరప్ వంటి మెత్తనిది, ఫోర్‌హ్యాండ్ వైపు దశాబ్దాలుగా నిలిచిన యసాకా మార్క్ వీ గాని, మధ్యస్థమైన గట్టిదనం ఉన్న మరొకటి గాని సరిపోతుంది. గట్టిదనపు అంకెలను ఒక కంపెనీకీ మరొక కంపెనీకీ పోల్చకండి, ఎవరి కొలమానం వారిది. వేగా యూరప్ మీద 42.5 అనీ, బటర్‌ఫ్లై టెనర్జీ 05 మీద 36 అనీ ఉంటుంది, కాని చేతికి టెనర్జీయే గట్టిగా తగులుతుంది. డీహెచ్ఎస్ హరికేన్ 3 వంటి జిగట రబ్బర్లు మంచి స్పిన్ ఇస్తాయి గాని బరువెక్కువ. వేసవిలో కిటికీలు తెరిచి ఆడే మన హాళ్లలో వాటికి దుమ్ము కూడా తొందరగా పడుతుంది.

బ్యాటు మార్చాక కూడా చెయ్యి లాగడం తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. దాడి ఆట నేర్పిస్తున్నామని కోచ్ గారు చెప్పారు. ఖరీదైన కార్బన్ బ్యాటు కొనాలా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: వద్దమ్మా. ఈ వయసులో స్ట్రోకు రూపం కుదరడం ముఖ్యం, వేగవంతమైన బ్లేడు ఇస్తే బంతి బల్ల దాటిపోతుందన్న భయంతో పిల్లలు చెయ్యి పూర్తిగా ఊపడం మానేస్తారు. ఐదు పొరల తేలిక బ్లేడుకు 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల మెత్తని రబ్బర్లు వేసి, మొత్తం 150 నుంచి 160 గ్రాముల మధ్య ఉంచండి. పిడి అమ్మాయి పిడికిలికి సరిపోయేంత సన్నగా ఉందో లేదో చూడండి, లావు పిడిని పట్టుకోవడానికి వేళ్లు బిగించి మణికట్టును కదలనివ్వని పిల్లలు చాలామంది కనిపిస్తుంటారు. మిగిలిన డబ్బు కొత్త రబ్బర్లకు దాచుకోండి, ఎందుకంటే రోజూ ఆడే పిల్లల రబ్బరు పట్టు కొన్ని నెలలకే తగ్గిపోతుంది. ఎండాకాలంలో బ్యాటును స్కూటరు డిక్కీలో వదిలేయవద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: రబ్బర్లను సైకిలు పంక్చరు సొల్యూషన్‌తో అంటించవచ్చా?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: కూడదు. అలాంటి ఆవిరయ్యే ద్రావకాలున్న జిగురులను పోటీలలో 2008 నుంచి నిషేధించారు, వాటి ఆవిరి ఆరోగ్యానికి కూడా హాని. నీటితో తయారైన టేబుల్ టెన్నిస్ జిగురు తెప్పించుకుని, స్పాంజి మీదా బ్లేడు మీదా పలచగా ఒక పూత వేయండి. తెల్లగా ఉన్న జిగురు పూర్తిగా పారదర్శకమయ్యేదాకా ఆరనిచ్చి, పిడి వైపు నుంచి మొదలుపెట్టి, రబ్బరును లాగకుండా గాజు సీసాతో నెమ్మదిగా దొర్లిస్తూ అంటించి, ఆ తర్వాత బ్లేడు అంచు వెంట కత్తిరించండి.